బూజు పట్టిన ఏడాది ఇంకేం మారింది?

మా ఇంట్లో పచ్చడికి బూజు పడితే మొదట వచ్చే ప్రశ్న "ఎవరు కలిపారు?" అనే. ఉప్పు తగ్గిందా, తడి తగిలిందా, జాడీ సరిగ్గా ఆరిందా అన్నవి తరవాతి సంగతులు. వాటి దాకా ఎప్పుడూ వెళ్ళేవాళ్ళం కాదు. అవి అడిగేలోపే ముద్దాయి దొరికిపోయేది.

ఇప్పుడు నేను హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. ప్రయోగాల్లో చరరాశుల పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలు గైడు చూసి బట్టీ పట్టిన నిర్వచనాలు ఒకే ఊపులో ఒప్పజెబుతారు. మనం కావాలని మార్చేది స్వతంత్ర చరరాశి, దానివల్ల మారేది పరతంత్ర చరరాశి, మారకుండా చూసుకునేవి నియంత్రిత చరరాశులు. ఒక్క అక్షరం తప్పు పోదు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ మూడు మాటలు మా వంటింట్లోకి దిగేసరికి రెండు చలికాలాలు పట్టింది. ఈలోగా మా వదిన ఎంత నలిగిందో ఏ గైడులోనూ రాయరు.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. పుష్యమాసం వచ్చిందంటే ఊరు ఎర్రబడేది. కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి చుట్టాలు బస్సు దిగీ దిగకముందే తుమ్మేవాళ్ళు. మేం వాళ్ళని చూసి నవ్వేవాళ్ళం. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. గుంటూరులో కాపురం పెట్టాక, సెలవులకి ఊరెళితే నేనూ తుమ్ముతున్నాను. ఇది చిన్న విషయమే కానీ నాకు నిజంగా బాధగా ఉంటుంది. మా ఊరు నన్ను కూడా చుట్టాల లెక్కలో వేసేసింది అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే పండుమిరపకాయ తొక్కు పెట్టేవాళ్ళు. తొక్కు పెట్టడమంటే నాయనమ్మ రాజ్యం. పొలంలో బాగా పండిన కాయలు ఏరించి, తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, తొడిమలు తీయించేది. ఆ కాయల్ని కల్లుప్పు, పసుపు వేసి రోట్లో దంచి, మధ్యలో చింతపండు పెట్టి చేత్తో బాగా కలిపి జాడీలోకి అదిమేవాళ్ళు. మూతికి గుడ్డ కట్టేవాళ్ళు. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ, కూలికి వచ్చినవాళ్ళకీ అదే తొక్కు. దంచేటప్పుడు వచ్చే ఆ పచ్చి ఘాటు, కళ్ళ నీళ్ళు, నాయనమ్మ తిట్లు, అన్నీ కలిసి మా ఇంట్లో ఒక పండగలా ఉండేది.

నేను ఏడో తరగతిలో ఉండగా అన్నయ్యకి పెళ్ళయింది. వదినది అద్దంకి వైపు. బాగా నవ్వే మనిషి. నాకు జడ వేస్తూ కథలు చెప్పేది, లెక్కలు చెప్పేది, సినిమా పాటలకి తప్పుడు మాటలు కట్టి పాడేది. ఆ చలికాలం తొక్కు పెట్టే రోజున నాయనమ్మే ఆమెని పిలిచి రోటి ముందు కూర్చోబెట్టింది.

"కొత్త కోడలివి. నీ చేత్తో కలుపు. ఇంటికి మంచిది," అంది.

వదిన కలిపింది. ఉగాది లోపే జాడీలో పైనంతా తెల్లటి బూజు. నాయనమ్మ గుడ్డ విప్పి చూసి, మళ్ళీ కట్టేసి, బయటికెళ్ళి కూర్చుంది. ఆ సాయంత్రం జాడీడు తొక్కూ పెంటదిబ్బ మీదికి పోయింది. నాకు గుర్తున్నంతలో మా ఇంట్లో తొక్కు పారబోయడం అదే మొదలు.

"అమ్మాయి చెయ్యి అచ్చిరాలేదు," అంది నాయనమ్మ అన్నం దగ్గర. మామూలుగానే అంది, అమ్మాయికి జ్వరం వచ్చింది అన్నట్టుగా.

మరుసటి ఏడు నాయనమ్మ తనే కలిపింది. వదిన చేసిందల్లా జాడీ మూతికి గుడ్డ కట్టడం. మళ్ళీ బూజు.

"గుడ్డ కట్టిందెవరు?" అంది నాయనమ్మ.

ఇక అంతే. వదిన చెయ్యి మంచిది కాదన్నది మా ఇంట్లో తేలిపోయిన విషయమైంది. రాత్రిళ్ళు పాలు తోడెయ్యడం ఆమె చేత మానిపించారు. కళ్లంలో రంగు చెడిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళతో నాయనమ్మ ఈ సంగతి చెప్పింది, వాళ్ళు ఊరికి చెప్పారు. పక్కింట్లో పచ్చడి పెడుతుంటే సాయానికి వెళితే, "నువ్వు కూర్చోమ్మా, మేం చేసుకుంటాంలే," అన్నారట. వదిన ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది. తరవాత నవ్వడం తగ్గించింది. అన్నయ్య సంగతి చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ళ మాటల మధ్యకి తను రాడు, పేపరు చదువుకుంటాడు.

అసలు చిక్కేమిటంటే నాయనమ్మకి వదిన మీద కోపం లేదు. కోపమైతే ఏదో ఒకరోజు తగ్గేది, లేదా మేమైనా ఎదురు మాట్లాడేవాళ్ళం. నాయనమ్మ వదినకి తలంటేది, చేపలకూరలో మంచి ముక్క ఆమె కంచంలోనే వేసేది. పచ్చడి దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు. ప్రేమగా చూసుకుంటూనే పక్కన పెట్టేసిన మనిషి ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ రెండో చలికాలం వదిన నీళ్ళోసుకుంది. ఒకరోజు దొడ్లో నాకు జడ వేస్తూ వేస్తూ చెయ్యి ఆపేసి, "పాప పుడితే దాని చెయ్యి కూడా ఇట్టాగే అంటారేమో," అంది. అప్పటిదాకా నాకిదంతా ఇంట్లో పెద్దవాళ్ళ గోల. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే కోపం కూడా వచ్చింది.

అప్పుడే బడిలో ఈ పాఠం మొదలైంది. మా సైన్సు మేడమ్ గుంటూరు నుంచి బస్సులో వచ్చేవారు, పాఠం మాత్రం బస్సు వేగంతో చెప్పేవారు కాదు. ఒక్కొక్క మాట దగ్గరా ఆగేవారు. ఇంట్లో చేయగలిగిన ప్రయోగం ఒకటి ఆలోచించి రమ్మన్నారు. అందరూ పెసర మొలకలు తెస్తామన్నారు. ఒకటి ఎండలో, ఒకటి నీడలో. నన్ను లేపి అడిగారు.

"తొక్కుకి బూజు ఎందుకు పడుతుందో చూస్తానండి," అన్నాను.

"బాగుంది. నువ్వు మార్చేది ఏది? స్వతంత్ర చరరాశి?"

"మా వదినండి."

క్లాసంతా ఘొల్లున నవ్వింది. మేడమ్ నవ్వలేదు. నన్ను స్టాఫ్‌రూముకి పిలిచి సంగతంతా చెప్పించుకున్నారు. విని, "మనిషిని చరరాశి అనకూడదమ్మా. కలిపే చెయ్యి అను. కొలిచేది బూజు. ఆ రెండూ కాక ఇంకే ఒక్కటి తేడా ఉన్నా నీ ప్రయోగం దండగ. కాయ ఒకటే, ఉప్పు ఒకటే, జాడీ ఒకటే, పెట్టే చోటూ ఒకటే. ఇవి కదలకుండా పట్టుకోవడమే అసలు పని," అన్నారు.

ఇంటికెళ్ళి ముందు వదినకి చెప్పాను.

"నా ఒక్కదాని జాడీయే పాడైందనుకో. ఇంక నోరెత్తడానికి ఉండదు. నిజమేనని అందరికీ రుజువు చేసి చూపించినట్టవుద్ది," అంది.

"పోనీ వద్దులే వదినా."

"వద్దని ఎవరన్నారు? పెట్టు. తెలియకుండా మోసేకంటే అదే నయం."

నాయనమ్మని ఒప్పించడం కష్టమనుకున్నాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. తన చెయ్యి మీద తనకి అంత నమ్మకం. "నాకే పరీక్ష పెడతావటే! పెట్టవే, పెట్టు. మీ మేడమ్‌కి కూడా తెలిసొస్తది," అంది.

ఆ రోజు నేను పెట్టిన హింస తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తొక్కు అమ్మ చేత దంచించి సమానంగా రెండు భాగాలు చేయించాను. ఒకే సంతలో కొన్న రెండు చిన్న జాడీలు కడిగించి ఎండబెట్టించాను. ఇద్దరినీ ఒకే సబ్బుతో చేతులు కడుక్కుని ఒకే తువ్వాలుతో తుడుచుకోమన్నాను. నాయనమ్మకి సన్నటి బంగారు గాజులు ఉండేవి, వదినకి మట్టిగాజులు. అదీ ఒక తేడాయే కదా అని, గాజులు తియ్యి వదినా అన్నాను. నాయనమ్మ ఇంతెత్తున లేచింది.

"కడుపుతో ఉన్న పిల్లని మట్టిగాజులు తియ్యమంటావటే? మీ మేడమ్‌కి బుద్ధి లేదా, నీకు లేదా?"

చివరికి ఇద్దరి గాజులూ మోచేతుల దాకా ఎక్కించి, జారకుండా రుమాళ్ళు కట్టాం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కలిపారు. జాడీలు మా మధ్యగది అటక మీద పక్కపక్కనే పెట్టాను. రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దించకుండా అటక వైపు చూసేదాన్ని. వదిన మాత్రం ఆ గదిలోకి వచ్చినా పైకి చూసేది కాదు.

నెల తిరిగేలోపు ఒక ఆదివారం అందరి ముందూ గుడ్డలు విప్పాం. ముందు వదిన జాడీ. బూజు. వదిన మొహం పాలిపోయింది. నాయనమ్మ తల ఊపింది. తరవాత నాయనమ్మ జాడీ విప్పాను. దాంట్లోనూ అంతే బూజు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నాయనమ్మ మాత్రం జాడీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "పక్కపక్కన పెడితే అంటుకోదటే?" అంది. ఎంత తెలివి చూడండి. సైన్సు పరంగా అది తీసి పారేసే మాట కూడా కాదు. నా గంతు గాల్లోనే ఆగిపోయింది.

మరునాడు రెండు జాడీలూ సంచీలో పెట్టుకుని మేడమ్ దగ్గరికి మోసుకెళ్ళాను. ఆమె చూసి, "ఒక్కొక్క జాడీతో ఏదీ తేలదు. దేనికైనా తడి తగలొచ్చు. ఈసారి ఎక్కువ పెట్టు, దూరదూరంగా పెట్టు," అన్నారు. నేను వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచి ఒక మాట అడిగారు. "మీ వదిన మీ ఇంటికి వచ్చిన ఏడాది మీ ఇంట్లో ఇంకేం మారింది?"

ఆ ప్రశ్న మోసుకుని ఇంటికొచ్చాను. రాత్రి అన్నాల దగ్గర అందరినీ అడిగాను. అమ్మ ముందుగదికి టైల్స్ వేయించాం అంది. అన్నయ్య పేపరు కొంచెం దించి, డిష్ టీవీ పెట్టించాం అన్నాడు. గేదె ఈనింది అంది నాయనమ్మ. నాన్న పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండానే, "విత్తనం మార్చాం గదా," అన్నాడు.

అంతకుముందు మా పొలంలో సన్నకాయ రకం వేసేవాళ్ళం. వదిన వచ్చిన ఆ తొలకరిలోనే నాన్న హైబ్రిడ్‌లో లావుకాయ రకం తెచ్చాడు. దిగుబడి బాగుందని మరుసటి ఏడూ అదే వేశాడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. బస్తాలు ఎత్తినవాళ్ళం, తొడిమలు తీసినవాళ్ళం మేమే. కొత్తగా వచ్చినవి రెండు ఉన్నాయి, ఒకటి వదిన, ఒకటి కాయ. మేం వదిన వైపే చూశాం. మేడమ్ తరవాత దీనికి గందరగోళపరిచే చరరాశి అని ఏదో పేరు చెప్పారు. రెండు ఒకేసారి మారితే ఏది దేనివల్ల జరిగిందో చెప్పలేం అని దాని అర్థం. మా ఇంట్లో గందరగోళమే లేదు. అందరం రెండేళ్ళూ ఒకే మాట మీద ఉన్నాం.

నాయనమ్మ చెయ్యి కడుక్కుని వెళ్ళి, బుట్టలోంచి ఒక పండుకాయ తెచ్చి దీపం కింద చీల్చింది. వేలితో నొక్కితే నీరు ఊరింది. "కండ ఎక్కువ దీనికి," అంది తనలో తను. నాయనమ్మ ఉప్పు కొలత చాటల లెక్కన. ఇన్ని చాటల కాయకి ఇన్ని సోలల ఉప్పు. కాయ మారినా చాట అదే, సోల అదే.

రెండో ప్రయోగానికి మా మేనత్త వాళ్ళ పొలం నుంచి సన్నకాయ తెప్పించాం. వాళ్ళింకా పాత రకమే వేస్తున్నారు. ఈసారి మార్చేది కాయ ఒక్కటే. ఉప్పు ఎప్పటి కొలతే. కలిపే చెయ్యి అన్నిటికీ వదినదే. అలాగే ఉండాలని నేను పట్టుబట్టాను, నాయనమ్మ అడ్డు చెప్పలేదు. గాజు సీసాలు కొన్ని సన్నకాయకి, కొన్ని లావుకాయకి. అటక మీద కొన్ని, వంటింట్లో కొన్ని, అంటుకుంటుందనే మాట రాకుండా ఎడం ఎడంగా పెట్టాను. గాజు కదా, గుడ్డ విప్పకుండానే రోజూ చూడొచ్చు. అందరికంటే ఎక్కువసార్లు చూసింది నాయనమ్మే. ఎవరూ లేనప్పుడు చూసేది, నేను రాగానే ధనియాల డబ్బా వెతుకుతున్నట్టు నటించేది.

కాయ కోతలు చివరికి వచ్చేసరికి లావుకాయ సీసాలకి ఒక్కొక్కదానికీ బూజు మొదలైంది. సన్నకాయ సీసాలు ఎర్రగా, నిగనిగలాడుతూ అలాగే ఉన్నాయి. బడిలో జరిగిన సైన్సు ఫెయిర్‌లో నా ప్రయోగానికి బహుమతి ఏమీ రాలేదు. వంటసోడాతో నురగ పొంగించిన కుర్రాడికి వచ్చింది. పోనివ్వండి.

ఫెయిర్ అయిన మరునాడు పొద్దున్నే నాయనమ్మ నా జాడీలూ సీసాలూ ఉన్న అరుగు దగ్గరికి వచ్చింది. మొదటి ప్రయోగంలో తను కలిపిన జాడీ ఒక చేత్తో, వదిన కలిపిన సన్నకాయ సీసా ఇంకో చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది. "ఎక్కడికత్తయ్యా?" అని అమ్మ అడిగింది. "నువ్వు రావే," అని వదినకి మాత్రం చెప్పింది. నేనూ వెనకాల పరిగెత్తాను.

కళ్లంలో ఆడవాళ్ళు బారుగా కూర్చుని తాలు ఏరుతున్నారు. నాయనమ్మ వాళ్ళ ముందు నిలబడి జాడీ గుడ్డ విప్పింది. లోపలికి వేళ్ళు పెట్టి బూజుతో సహా ఇంత తొక్కు బయటికి తీసింది.

"ఇది నా చేత్తో కలిపింది. చూడండి, ఎట్టా ఉందో," అంది. ఆమె మామూలు గొంతే పక్క పొలం దాకా వినపడుతుంది. తరవాత సీసా తెరిచి దాంట్లోంచీ తీసింది. "ఇది మా మనవడి పెళ్ళాం కలిపింది. దీన్నీ చూడండి. మా వాడు కాయ మార్చాడు, నేను ఉప్పు మార్చలా. తప్పు నాది. దీని చెయ్యి మంచిది కాదని మీ అందరికీ చెప్పింది నేనే గదా, ఇప్పుడు ఇది కూడా నేనే చెప్తన్నా. ఆ మాట మోసినట్టే దీన్నీ మొయ్యండి."

ఒకావిడ, "మేం అనుకోలేదులేమ్మా," అంది. అనుకున్నారని అందరికీ తెలుసు.

నాయనమ్మ వదిన వైపు తిరిగి, "పద. పెద్ద జాడీ కడుగు. మేనత్త వాళ్ళ చేలో కాయ ఇంకా ఉంది, బుట్టెడు తెప్పిస్తా. ఏడాది తొక్కు నువ్వే కలుపుదువుగాని," అంది.

వదిన కదల్లేదు.

"కలుపుతాను నాయనమ్మా. ఒక్క మాట అడగనా? ఆ మొదటిసారి నా జాడీ ఒక్కటే పాడై ఉంటే ఏం చేసేవాళ్ళు?"

నేను నాయనమ్మ మొహంలోకి చూశాను. ఏదో ఒకటి అని దాటేస్తుందనుకున్నాను, ఆ విద్యలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఆమె దాటెయ్యలేదు. చేతిలో తొక్కు చేతిలోనే ఉంది.

"ఏం చేసేదాన్ని? నేను చెప్పలా అని అనేదాన్ని. నాదే ఒప్పనుకుంటా చచ్చిపోయేదాన్ని తల్లీ," అంది.

రెండేళ్ళలో వదిన మా ఎదురుగా ఒక్కసారి కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. కళ్లం మధ్యలో, అందరూ చూస్తుండగా, కడుపు పట్టుకుని నిలబడి ఏడ్చింది. నాయనమ్మ గబుక్కున జాడీ కింద పెట్టి, కన్నీళ్ళు తుడుద్దామని చెయ్యి ఆమె మొహం దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. చేతుల నిండా కారం. అటూ ఇటూ చూసి, ఆ చేతులు రెండూ దూరంగా పెట్టుకుని, వదిన తలని తన భుజానికి ఆనించుకుంది.